బొంబాయి మిల్లు గేటు దగ్గర నిలబడ్డవాడు ఎవరు?

(సిరిసిల్లలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం. మధ్యలోనూ చివర్లోనూ వచ్చిన ప్రశ్నల్లో మూడింటిని జవాబులతో సహా ఉంచాం.)

అందరికీ నమస్తే. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక్కటి ఆపండి బాబూ, మైకులో దాని చప్పుడే ఎక్కువ వస్తోంది. ఆ, ఇప్పుడు సరిపోయింది.

కరపత్రంలో నా ప్రసంగానికి ‘పారిశ్రామిక యుగం తొలినాళ్ళలో కార్మికుల జీవన పరిస్థితులు’ అని పేరు పెట్టారు. చూసి నాకే భయమేసింది. ఆ పేరుకి న్యాయం చేయాలంటే మాంచెస్టర్‌లో మొదలుపెట్టాలి, అలా మొదలుపెడితే రాత్రి పదింటికి కూడా ఇండియా చేరుకోం. అందుకని ఒక్క ఊరు తీసుకుంటున్నాను, బొంబాయి. ఒక్క పరిశ్రమ, నూలు మిల్లులు. కాలం 1856 నుంచి సుమారు 1935 దాకా. సిరిసిల్లలో కూర్చుని బొంబాయి ముచ్చట ఎందుకని మీరు అడగరని తెలుసు, ఎందుకంటే తాతో ముత్తాతో బొంబాయికో షోలాపూర్‌కో భీవండికో పోయిరాని ఇల్లు ఈ ఊళ్ళో వెతుక్కోవాల్సిందే.

ఈ చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా ఆవిరి ఇంజను దగ్గర మొదలుపెడతారు, నేను గేటు దగ్గర మొదలుపెడతాను. ఇంకా తెల్లారదు, మిల్లు కూత వేస్తుంది, దాన్ని అక్కడివాళ్ళు భోంగా అంటారు. గేటు బయట జనం. అందులో కొందరికి లోపల పని ఖాయం, మిగిలినవాళ్ళు బదిలీలు, అంటే ఎవరైనా రాకపోతే వాళ్ళ బదులు ఆ రోజుకి లోపలికి పోయేవాళ్ళు. ఎవరు లోపలికి, ఎవరు ఇంటికి? మేనేజరుకి వీళ్ళ మొహాలు తెలియవు. ఆయన ఇంగ్లండులో బట్టల మిల్లులున్న లాంకషైర్ నుంచి వచ్చిన తెల్లవాడో, పార్సీ పెద్దమనిషో అయి ఉంటాడు, వీళ్ళ భాష కూడా సగమే వస్తుంది. యజమాని సంగతి అసలే వద్దు. వేలు చూపించి ‘నువ్వు రా, నువ్వు పో’ అనేవాడు జాబర్. ముకద్దం అని కూడా అనేవాళ్ళు. మనవాళ్ళైతే మేస్త్రీ అంటారు.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను, మధ్యలో ఎవరైనా టీకి లేచినా నష్టం ఉండదు. ఆ ఎనభై ఏళ్ళలో చట్టాలు వచ్చాయి, పని గంటలు తగ్గాయి, ఆదివారం సెలవు వచ్చింది. అన్నీ నిజమే. కానీ పని ఇచ్చేవాడు, పని తీసేసేవాడు, అప్పు ఇప్పించేవాడు, గది చూపించేవాడు ఒకే మనిషి అయినప్పుడు, ఆ మనిషి జోలికి పోకుండా ఎన్ని చట్టాలు చేసినా కార్మికుడి బతుకు పైపైన మారుతుంది. 1930ల దాకా ఆ మనిషి జోలికి గట్టిగా ఎవరూ పోలేదు.

ముందు మిల్లులు ఎలా వచ్చాయో నాలుగు ముక్కల్లో. 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వ్యాపారి కంపెనీ పెట్టాడు, తాడ్‌దేవ్‌లో ఆయన మిల్లు 1856లో నూలు తీయడం మొదలుపెట్టింది. యంత్రాలు ఇంగ్లండువి, పెట్టుబడి పత్తి, నల్లమందు వ్యాపారాల్లో మిగిలిన లాభం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి బొంబాయికి డబ్బు వరదలా వచ్చింది, 1865లో యుద్ధం ముగియగానే షేర్లన్నీ కుప్పకూలాయి. అప్పటికి ఊళ్ళో ఉన్నవి పది మిల్లులు, ఆరున్నర వేల మంది పనివాళ్ళు. 1900కల్లా మిల్లులు ఎనభై దాటాయి, పనివాళ్ళు డెబ్బై వేలు దాటారు. 1920ల మొదట్లో లక్షన్నర. పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ, వర్లీ, ఈ చుట్టుపక్కలంతా కలిపి గిరణ్‌గావ్ అన్నారు, గిర్నీల ఊరు. మన దగ్గర పిండి గిర్నీ అంటాం చూడండి, ఆ గిర్నీయే.

జనం ఎక్కడివాళ్ళు? ఎక్కువమంది కొంకణ్ వాళ్ళు, ముఖ్యంగా రత్నగిరి జిల్లా. 1911 జనాభా లెక్కల్లో మిల్లు కార్మికుల్లో దాదాపు సగం మంది ఆ ఒక్క జిల్లాలో పుట్టినవాళ్ళే. కొండల మధ్య చిన్న చిన్న కమతాలు, వాన పంట ఒక్కటే, శిస్తు మాత్రం రూపాయల్లో కట్టాలి. ఆ రూపాయలు బొంబాయిలో ఉన్నాయి. మగవాడు వస్తాడు, పెళ్ళాం పిల్లలు ఊళ్ళోనే ఉంటారు, నెలకో రెండు నెలలకో మనియార్డర్ పోతుంది. తర్వాత సతారా, పూనా వైపు నుంచి వచ్చారు, ఉత్తరాది నుంచి జులాహాలు వచ్చారు, వాళ్ళూ నేతవాళ్ళే. మనవాళ్ళ సంగతికొస్తే తెలంగాణ నుంచి పోయిన కామాఠీలు మిల్లులకంటే ముందే అక్కడున్నారు, ఇళ్ళూ రోడ్లూ కట్టే పనిలో, కామాఠీపురాకి ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. తర్వాత పద్మశాలీలు. మిల్లు నూలు, మిల్లు బట్ట ఊళ్ళోకి వచ్చి చేమగ్గం దెబ్బతింటే, ఆ మగ్గం మనిషే వెళ్ళి మిల్లు మగ్గం దగ్గర నిలబడ్డాడు. ఏం చేస్తాడు, చేతిలో ఉన్న విద్య అదొక్కటే.

వానాకాలం రాగానే నాట్లకి ఊరికి పోతారని, వీళ్ళకి క్రమశిక్షణ లేదని యజమానులు ఎప్పుడూ ఫిర్యాదు చేసేవాళ్ళు. ఆ మాటలు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు చేస్తే మిల్లు చూడదు, చేయి తెగితే చూడదు, ముసలివాడైతే చూడదు, మరి ఊరిని వదులుకోమంటే ఎలా? ఆ అరెకరం పొలమే వాడి ఇన్సూరెన్సు.

సరే, జాబర్ దగ్గరికి వద్దాం. జాబర్ కూడా ఒకప్పుడు కార్మికుడే, పని బాగా వచ్చి పైకొచ్చినవాడు. వాడి కింద ఒక గుంపు. ఆ గుంపుకి మనుషుల్ని తేవడం, పని నేర్పడం, యంత్రం ఆగితే చూడటం, సెలవు ఇవ్వడం, తీసేయడం అన్నీ వాడివే. పని కావాలంటే దస్తూరీ ఇవ్వాలి, అంటే మామూలు. చేరేటప్పుడు ఒకసారి ఇచ్చి ఊరుకుంటే కుదరదు, ఊరెళ్ళి తిరిగొస్తే మళ్ళీ ఇవ్వాలి. ఆడవాళ్ళు ఎక్కువగా చేసే చుట్టుడు విభాగాల్లో, అంటే వైండింగ్, రీలింగ్‌లో, ఆడ జాబర్ ఉండేది, ఆమెను నాయకిణ్ అనేవాళ్ళు. ఆడమనిషి కదా అని దయగా చూస్తుందనుకోకండి, ఆ కుర్చీ అలాంటిది.

ఇక జీతం. నెల జీతం నెల అయిపోగానే ఇస్తారని మనం అనుకుంటాం. అక్కడ చేతికి వచ్చేసరికి మరో నెల సగానికో అంతకంటే ఎక్కువకో పోయేది. చెప్పాపెట్టకుండా మానేస్తే ఆ నిలవ జీతం పోయినట్టే. కొత్తగా వచ్చినవాడు మొదటి జీతం అందేదాకా ఏం తింటాడు? కిరాణా కొట్టువాడు ఖాతా పెడతాడు. ఎవరి పూచీ మీద? జాబర్ పూచీ మీద. గది అద్దెకి, తిండికి, మందుకి, అన్నిటికీ వెనక జాబరే. చాలామంది జాబర్లు స్వయంగా వడ్డీకి ఇచ్చేవాళ్ళు, లేకపోతే ఇచ్చేవాడి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. వడ్డీ రూపాయికి నెలకి అణా. పదహారు అణాలు ఒక రూపాయి కాబట్టి లెక్క వేసుకోండి, ఏడాదికి నూటికి 75. ఊళ్ళో శిస్తు అప్పు తీర్చడానికి వచ్చినవాడు ఇక్కడ ఇంకో అప్పులో పడతాడు.

దీని మీద ఇంకొకటి ఉంది, నేతవాళ్ళకి బాగా అర్థమవుతుంది. బట్టలో తప్పు పడిందనుకోండి, పోగు తెగి గీత వచ్చింది, నూనె మరక పడింది. ఆ బట్ట మొత్తాన్ని నేసినవాడికే అంటగట్టి దాని ధర జీతంలో కోసేవాళ్ళు. నూలు నాసిరకంది ఇచ్చింది మిల్లు, మగ్గానికి నూనె ఎక్కువ కొట్టింది ఇంకొకడు, బట్ట కొనుక్కునేది మాత్రం ఇతను. సాయంత్రం ఆ తప్పుబట్ట చంకన పెట్టుకుని చౌకలో అమ్ముకోవడానికి బజారంతా తిరగాలి. జరిమానాలు దీనికి అదనం. 1928 సమ్మె దాకా కార్మికుల డిమాండ్లలో ఈ తప్పుబట్ట విషయం ఉంటూనే వచ్చింది.

(సభలో ఒకరు: ఇప్పుడు కూడా అంతే కదా సార్, కూలి లెక్కలో బట్ట మీటర్లు కట్ చేస్తున్నారు.)

మీకు నాకంటే బాగా తెలుసు. నేను పాత సంగతే చెప్తాను, కొత్త సంగతి మీరు చెప్పండి.

లోపలికి వెళ్దాం. బ్లో రూములో, కార్డింగ్‌లో పత్తి దులిపి ఏకేటప్పుడు దూది దుమ్ము పొగమంచులా గాల్లో తేలుతుంది. మూతికి గుడ్డ కట్టుకున్నా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేత షెడ్డులో ఇంకో రకం బాధ. గాలి పొడిగా ఉంటే పోగు తెగుతుంది, కాబట్టి గాల్లో తేమ ఉండాలి, దానికోసం ఆవిరి వదిలేవాళ్ళు, ఆ తేమ బయటికి పోకుండా కిటికీలు మూసేవాళ్ళు. బొంబాయి మే నెల ఉక్కపోతలో కిటికీలు మూసి ఆవిరి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పోగుకి సుఖం, మనిషికి నరకం. వందల మగ్గాలు ఒకేసారి కొట్టే మోతలో పక్కవాడి మాట వినపడదు, సైగలతోనే సంసారం.

ఇప్పుడు నాడె గురించి, అంటే మగ్గంలో పేకని, అడ్డపోగుని, అటూ ఇటూ తీసుకెళ్ళేదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. నాడెలో కండె, అంటే ఆ పోగు చుట్టిన గొట్టం, అయిపోతుంది. కొత్త కండె పెట్టాలి, పేక పోగు కొసను నాడె కన్నులోంచి బయటికి తీయాలి. చేత్తో తీస్తే టైము పడుతుంది, టైము అంటే కూలి, ఎందుకంటే నేసినదాన్ని బట్టే డబ్బులు. అందుకని కన్నుకి నోరు పెట్టి గట్టిగా పీలిస్తే పోగు కొస చటుక్కున బయటికొస్తుంది. రోజంతా అదే పని. దూది పీచు, రంగు అన్నీ నోట్లోకే. పైగా ఆ నాడె ఒక్కరిది కాదు, ఒకరి తర్వాత ఒకరి నోరు తగులుతుంది. క్షయ ఉన్నవాడి ఎంగిలి ఇంకొకడి నోట్లోకి పోతుంది. లాంకషైర్‌లో కూడా ఇదే పద్ధతి ఉండేది.

మన దేశంలో దీనికి ఇంకో మెలిక పడింది. నోటితో పీల్చిన నాడె ఎంగిలి కాబట్టి, అంటరానివారని పక్కకు నెట్టిన మహార్లని నేత విభాగంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, అడ్డుపడింది యజమాని కంటే ముందు తోటి కార్మికులే. నేతలో కూలి ఎక్కువ. మహార్లు తక్కువ కూలి దొరికే రింగు స్పిన్నింగులోనూ, అంటే నూలు వడికే చోటా, అలాంటి చోట్లా మిగిలిపోయారు. క్షయ అంటుకుంటుందని భయపడనివాళ్ళు మైల అంటుకుంటుందని భయపడ్డారు. 1928 సమ్మె సమయంలో డాక్టర్ అంబేద్కర్ ఈ విషయం మీద సమ్మె నాయకుల్ని నిలదీశారు, అన్ని విభాగాలూ మావాళ్ళకి తెరవండి, ఆ తర్వాత ఐక్యత గురించి మాట్లాడదాం అన్న ధోరణిలో. ఆయన పరేల్‌లో మిల్లు కార్మికుల మధ్య చాల్‌లోనే, అంటే ఒంటిగదుల వరస ఇళ్ళలోనే, చాలా ఏళ్ళు ఉన్న మనిషి, ఎవరో చెప్తే విని మాట్లాడలేదు.

పని గంటలు. మొదటి నలభై యాభై ఏళ్ళు సూర్యుడే గడియారం. వెలుతురు వచ్చినప్పటి నుంచి పోయేదాకా. చలికాలం కొంచెం తక్కువ, ఎండాకాలం పద్నాలుగు గంటల దాకా. పిల్లలు కూడా పనిచేసేవాళ్ళు, ఏడేళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లలు. 1875లో బొంబాయి ప్రభుత్వం ఒక కమిషన్ వేస్తే, అందులో ఎక్కువమంది సభ్యులు చట్టం అక్కర్లేదన్నారు. సోరాబ్‌జీ షాపూర్‌జీ బెంగాలీ అనే ఆయన మాత్రం పట్టుబట్టి, తనే ముసాయిదా రాసి తిరిగాడు. మరోపక్క లాంకషైర్ మిల్లు యజమానులకి కూడా బొంబాయి కూలీల మీద ఉన్నట్టుండి జాలి పుట్టుకొచ్చింది. బొంబాయి మిల్లులు తక్కువ ఖర్చుతో నడుస్తూ తమ సరుక్కి పోటీ వస్తున్నాయి, గంటలు తగ్గిస్తే ఖర్చు పెరుగుతుంది, అదీ లెక్క. దాన్ని పట్టుకుని మన యజమానులు ‘ఇది విదేశీ కుట్ర’ అన్నారు, కొన్ని జాతీయ పత్రికలు కూడా ఆ పాటే పాడాయి. ఇద్దరి మాటా కొంత నిజమే. పిల్లవాడు మాత్రం మిల్లులోనే ఉన్నాడు.

చివరికి 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. వంద మందికి పైగా ఉండి యంత్రశక్తితో నడిచేవాటికే అది వర్తిస్తుంది. ఏడేళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదు, ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి తొమ్మిది గంటలు మించకూడదు, నెలకి నాలుగు సెలవులు. పెద్దవాళ్ళకి ఏమీ లేదు. ఆడవాళ్ళకీ లేదు.

ఇక్కడ నారాయణ్ మేఘాజీ లోఖండే వస్తాడు. జోతీరావు ఫూలే శిష్యుడు, మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేసిన మనిషి, దీనబంధు పత్రిక నడిపాడు. 1884 సెప్టెంబరులో పరేల్‌లో కార్మికుల సభలు పెట్టి, ఐదున్నర వేల మంది సంతకాలతో అర్జీ తయారుచేశాడు. అడిగినవి చూడండి: ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున్న ఆరున్నర నుంచి సూర్యాస్తమయం దాకానే పని, ఈ నెల జీతం వచ్చే నెల 15కల్లా చేతికి రావాలి, యంత్రంలో పడి దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతం. అరగంట అన్నం తినడానికి! దానికి అర్జీ, ఐదున్నర వేల వేలిముద్రలూ సంతకాలూ. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి దగ్గర గుర్రప్పందాల మైదానంలో పదివేల మంది కూడారు, అందులో ఇద్దరు ఆడ కార్మికులు లేచి మాట్లాడారు. ఆ కాలంలో, అంత జనంలో. జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకి ఒప్పుకుంది. 1891లో రెండో చట్టం వచ్చి వారానికో సెలవు, మధ్యాహ్నం అరగంట, ఆడవాళ్ళకి పదకొండు గంటలు, పిల్లలకి తొమ్మిదేళ్ళు నిండాలి, ఏడు గంటలు మించకూడదు అని రాసింది.

కులభేదాలకి ఎదురుగా ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కి బొంబాయిలో అండగా నిలబడ్డవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయ కరాడి లింగు, వ్యంకు బాలోజీ కాళేవార్, ఈ పేర్లు మరాఠీ పుస్తకాల్లో కనిపిస్తాయి. మన పుస్తకాల్లో కనపడవు. అది మన సోమరితనం, ఇంకేం అనను.

ఈ ఎనభై ఏళ్ళలో ఒక్క చిన్న కాలం మాత్రం కార్మికుడి మాట చెల్లింది, అది ప్లేగు వచ్చినప్పుడు. 1896లో మొదలైంది. జనం ప్రాణభయంతో ఊళ్ళకి పారిపోయారు, మిల్లులు ఖాళీ. మిగిలిన కొద్దిమంది కోసం యజమానులు వీధి మూలల్లో నిలబడి పోటీపడి వేలం పాడుకున్నారు, ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ వెంట. అప్పటిదాకా కుదరదు కుదరదు అన్న రోజుకూలి, ఏ రోజుది ఆ రోజు సాయంత్రం చేతిలో పెట్టడం, ఒక్కసారిగా కుదిరింది. దస్తూరీ అడిగే ధైర్యం ఏ జాబర్‌కి ఉంటుంది చెప్పండి అప్పుడు! ప్లేగు తగ్గి జనం తిరిగొచ్చాక మళ్ళీ పాత పద్ధతే. ఆ ప్లేగులోనే 1897లో లోఖండే చనిపోయాడు, యాభై కూడా నిండలేదు.

తర్వాత కరెంటు బల్బు వచ్చింది. మనం బల్బు అంటే అభివృద్ధి అనుకుంటాం కదా. 1905 ప్రాంతంలో మిల్లుల్లో కరెంటు దీపాలు పెట్టారు, సూర్యుడితో పని లేకుండా పోయింది, పొద్దున్న ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిపించారు. కార్మికులు ఎదురుతిరిగారు, గొడవలయ్యాయి. 1908లో దీని మీద కమిషన్ కూర్చుంది. మగవాళ్ళ పని గంటలకి చట్టంతో హద్దు పెట్టొద్దని సభ్యులందరూ అంటే, ఒక్క మద్రాసు డాక్టరు టి.ఎం. నాయర్ మాత్రం పెట్టి తీరాలని విడిగా తన అభిప్రాయం రాశాడు. తర్వాత మద్రాసులో బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరైన ఆ నాయరే. విచిత్రం ఏంటంటే 1911 చట్టంలో బట్టల మిల్లుల మగవాళ్ళకి పన్నెండు గంటల హద్దు వచ్చింది, అంటే ఒక్కడి మాటే నిలబడింది. 1922లో అది పదకొండు గంటలకి, వారానికి అరవైకి దిగింది.

ఇల్లు. అసలు ఇల్లు అనొచ్చా? చాల్. మూడు నాలుగంతస్తులు, మధ్యలో నడవా, రెండు వైపులా పది అడుగులకి పది అడుగుల గదులు. వంట, పడక, పురుడు, చావు అన్నీ అందులోనే. కుళాయి ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి, పొద్దున్న భోంగా మోగకముందే అక్కడ లైను. 1911 లెక్కల ప్రకారం బొంబాయి జనాభాలో నూటికి 69 మంది ఒంటిగది ఇళ్ళలో ఉన్నారు, సగటున గదికి నలుగురైదుగురు. సగటు అన్నాను, మిల్లుల వైపు పది మంది ఉన్న గదులు ఉండేవి. ఒంటరి మగవాళ్ళు ఒకే ఊరివాళ్ళు కలిసి గది తీసుకుని, కొందరు పగలు కొందరు రాత్రి పడుకుని, తిండికి ఖానావళికి పోయేవాళ్ళు. ఆ ఖానావళులు ఎక్కువగా ఆడవాళ్ళు నడిపేవి. ఇరవై ముప్పై మందికి రెండు పూటలా వండి, నెల తర్వాత డబ్బు తీసుకుని, అందులో కొందరు ఎగ్గొడితే ఓర్చుకుని బతికిన ఆడవాళ్ళు. వాళ్ళ గురించి ఎవరైనా విడిగా రాయాలి.

పిల్లల విషయం. తల్లి మిల్లుకి పోతుంది, పసిబిడ్డ? బాలగోళీ అని దొరికేది, నల్లమందు కలిపిన మాత్ర. వేస్తే బిడ్డ మత్తుగా పడి ఉంటుంది, ఏడవదు, ఆకలి కూడా తెలియదు. 1920ల మొదట్లో ఒక లేడీ డాక్టరు మిల్లుల్లో ఆడ కార్మికుల పరిస్థితి చూసి రిపోర్టు రాస్తే, వాళ్ళ పిల్లల్లో నూటికి 98 మందికి నల్లమందు పెడుతున్నారని తేలింది. తల్లుల్ని తిట్టకండి, పక్కన కూర్చోబెట్టుకునే వీలుంటే ఏ తల్లి పెడుతుంది? 1921లో ఒంటిగది ఇళ్ళలో వెయ్యి మంది పుడితే 828 మంది ఏడాది నిండకుండా పోయారని రికార్డు. ఈ అంకె కొంత ఎక్కువ చేసి చూపిస్తుంది, ఎందుకంటే చాలామంది పురిటికి ఊరు వెళ్ళి బిడ్డతో తిరిగొచ్చేవాళ్ళు, పుట్టుక అక్కడ, చావు ఇక్కడ లెక్కకొచ్చేది. అది తీసేసినా మిగిలేది చిన్న అంకె కాదు.

నేను ఆగుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: జాబర్‌ని మరీ విలన్ చేశారేమో. ఊరుకాని ఊళ్ళో దిక్కు లేనివాడికి ఆ మేస్త్రీయే కదా ఆధారం? సమ్మెల్లో జాబర్లు కూడా ఉన్నారంటారు.)

మంచి ప్రశ్న, నేను చెప్పాల్సి ఉండి తొందరలో వదిలేశాను. అవును, ఆధారమే. స్టేషన్లో దిగినవాడికి తన ఊరి జాబర్ లేకపోతే ఆ రాత్రి ఫుట్‌పాతే గతి. పెళ్ళికి చావుకి ముందు నిలబడేది వాడే. చాలా సమ్మెలు జాబర్లే నడిపారు కూడా, ఎందుకంటే గుంపుని బయటికి తీసుకురాగలిగేది వాడే. 1908 జులైలో తిలక్‌కి ఆరేళ్ళ శిక్ష వేస్తే, ఏడాదికి ఒక్క రోజు చొప్పున ఆరు రోజులు మిల్లులు ఆగాయి. అలాంటిది యూనియన్ అనేదే సరిగా లేని రోజుల్లో ఎలా జరిగింది? చాల్‌లు, గల్లీలు, అఖాడాలు అంటే కుస్తీ తాలింఖానాలు, వీటన్నిటిలో జాబర్లకి చేయి ఉండేది. గుంపు మరీ తిరగబడితే జాబర్ పని కూడా పోతుంది, అందుకని కొంత వాళ్ళ మాట వినక తప్పదు. నా అభ్యంతరం మనిషి మీద కాదండీ. కార్మికుడికి తనదంటూ ఒక కాగితం ముక్క లేదు, తనది అని చెప్పుకునే హక్కు లేదు, దొరికిందల్లా ఒకరి దయ వల్ల దొరికింది. దయగల జాబర్ దొరికితే అదృష్టం, లేకపోతే లేదు.

1928లో సాంచెల, అంటే మిల్లు మగ్గాల, లెక్క పెంచుతామని, రెండు మగ్గాలు నడిపేవాడు మూడు నడపాలని అనేసరికి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా లక్షన్నర మంది సమ్మె చేశారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్, ఎర్రజెండా యూనియన్, ఆ సమ్మెలోంచే పెద్దదైంది. మిల్లు కమిటీలు పెట్టి, పనిలోకి తీసుకోవడం తీసేయడంలో తాము మాట్లాడతామన్నారు. అంటే మొదటిసారి జాబర్ కుర్చీకే ఎసరు. చాలామంది జాబర్లు యూనియన్‌కి ఎదురుతిరిగింది అక్కడే.

(ప్రశ్న: మరి ఆ పద్ధతి ఎప్పుడు పోయింది?)

ఒక్కరోజులో పోలేదు. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ రిపోర్టు ఇచ్చింది, జాబర్ చేతిలోంచి నియామకం తీసేయండి, లేబర్ ఆఫీసర్లని పెట్టండి అని. 1935లో మిల్లు యజమానుల సంఘం బదిలీ కార్డుల పద్ధతి తెచ్చింది. నెల మొదటి తారీఖున కొంతమందికి కార్డులిస్తారు, వాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి కనిపించాలి, ఆ రోజు ఖాళీలు వాళ్ళతోనే నింపాలి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఎవడికి ఏ మగ్గం మీద పనొచ్చో ఆఫీసరుకి ఏం తెలుసు? మళ్ళీ జాబర్‌నే అడగాలి. జాబర్ బలం తగ్గింది, పోలేదు.

(ప్రశ్న: వర్లీలో మనవాళ్ళు ఉన్న బీడీడీ చాల్‌లు మిల్లులు కట్టించినవేనా?)

కాదు, ప్రభుత్వం కట్టించింది. బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అని పెట్టి, 1920ల మొదట్లో వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీల్లో 207 చాల్‌లు కాంక్రీటుతో కట్టారు, గది సుమారు 160 చదరపు అడుగులు. కార్మికుల కోసమే. కానీ అద్దె ఎక్కువ పెట్టారు, వర్లీవైపు మిల్లులకి దూరం, బజారు లేదు, దీపాల్లేవు, పైగా అప్పులిచ్చే కొట్టువాడు పాత గల్లీలోనే ఉన్నాడు, ఖాతా వదిలి ఎలా వస్తారు? అందుకని చాలా గదులు ఏళ్ళతరబడి ఖాళీగా ఉన్నాయి. మనవాళ్ళతో సహా జనం నిండింది ఆ తర్వాత. 1930లో ఉప్పు సత్యాగ్రహం మొదలై జైళ్ళు సరిపోకపోతే, ప్రభుత్వం ఖాళీగా పడి ఉన్న ఆ వర్లీ చాల్‌లనే తాత్కాలిక జైలు చేసి సత్యాగ్రహుల్ని అందులో పెట్టింది.